నాచారంలో డచ్చి పాఠము



వరంగల్ వైపు నుండి హైదరాబాదుకు వచ్చే మనబోటి పల్లెవారికి ఉప్పల్ నగరపు గుమ్మము వంటిది. భువనగిరి, ఘట్‌కేసర్ దాటి బస్సు ఉప్పల్ చేరేసరికి సగం మంది సంచులు సర్దుకొని లేచి నిలబడతారు. రింగు రోడ్డు కూడలిలో దిగిన వారిలో ఒకరు ఆసుపత్రికి, ఒకరు కోర్టుకు, ఒకరు కాలేజీలో చదివే బిడ్డను చూచుటకు, ఇలా తలా ఒక దారిన వెళ్లిపోతారు. మేమిద్దరమూ, అనగా నేనూ మా ఇంటివారూ, అక్కడ ఎన్నోసార్లు దిగాము. రోగులను పరామర్శించడానికి వచ్చాము. పెండ్లి బట్టలు కొనేవారికి తోడుగా వచ్చాము. అయితే గత సంవత్సరము ఒక శనివారము ఉదయాన మేము వచ్చిన పని వేరు. ఒక పరదేశపు భాష యొక్క వ్యాకరణము వినడానికి వచ్చాము. ఆ భాష డచ్చి. ఈ సంగతి తెలిసి మా సంఘంలో కొందరు నవ్వారు. కాని ఆ రోజు మా వెంట వచ్చిన ఒక తల్లికి అది నవ్వులాట కాదు. మాకూ కాదు.

ఆ తల్లి మా సంఘ సభ్యురాలు. భర్త ప్రభువునందు నిద్రించాడు. రెండెకరాల పత్తి చేను, ఒక్కగానొక్క కుమార్తె, ఇదే ఆమె సంసారము. కుమార్తె డిగ్రీ చదివి, నాచారంలో పెద్దమ్మ ఇంట ఉండి, ఒక ల్యాబులో పని చేసుకొంటున్నది. ఏడాదిన్నర క్రితము ఆ అమ్మాయికి వివాహమైనది. వరుడు మన ప్రాంతము వాడే. ఉద్యోగము మీద నెదర్లాండ్స్ దేశానికి వెళ్లి, అక్కడే స్థిరపడి, ఆ దేశపు పౌరుడైనాడు. మంచివాడు. పెండ్లి మేమే జరిపించాము. పెండ్లికి ముందు ఆ తల్లి మమ్మును ఒక మాట అడిగినది.

"అయ్యగారూ, ఆడి భాష మా బిడ్డకు రాదు గదా, ఎట్ల?"

మేము ఆలోచించకుండా జవాబు చెప్పాము. "ఇంగ్లీషు వచ్చు గదమ్మా, అది చాలు. అక్కడ అందరికీ ఇంగ్లీషు వస్తుందట."

అలా అనుటకు మాకు ఒక ఆధారము ఉన్నది. మాకు తెలిసిన ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి భార్య ఒక్క డచ్చి మాట రాకుండానే అక్కడికి వెళ్లి కాపురము చేసుకొంటున్నది. అయితే మేము గ్రహించని సంగతి ఏమనగా, ఆ దేశపు చట్టము ఇద్దరినీ ఒకే తీరుగా చూడదు. నైపుణ్యము గల ఉద్యోగిగా అనుమతి పొంది వెళ్లినవాని భార్యకు ముందుగా భాషా పరీక్ష లేదు. కాని ఆ దేశ పౌరుని పెండ్లాడి కాపురానికి వెళ్లే మన దేశపు అమ్మాయి ఇక్కడ ఉండగానే పరీక్ష ఇవ్వవలెను. 2006లో అమలులోనికి వచ్చిన నియమము ఇది. డచ్చి రాయబార కార్యాలయంలో కంప్యూటరు ముందు కూర్చొని మూడు భాగాలు పూర్తి చేయాలి. ఒకటి మాట్లాడుట, రెండవది చదువుట, మూడవది ఆ దేశపు జీవిత విధానమును గూర్చిన ప్రశ్నలు. అడిగేది ఏ-1 స్థాయి, అంటే భాషలో మొదటి మెట్టు. మొదటి మెట్టే గాని, అది ఎక్కనిదే ప్రయాణము లేదు.

మా మాట మీద నమ్మకముంచి ఆ అమ్మాయి భాష జోలికి వెళ్లలేదు. నియమము తెలిసేసరికి ఆలస్యమైనది. మూడు వారాలు బట్టీ పట్టి వెళ్లి, మాట్లాడే భాగంలో తప్పినది. నెలలు గడిచాయి. పల్లెలో నోళ్లు ఊరకుండవు గదా! అల్లుడు తీసుకపోతలేడంట అని బావి దగ్గర ఒకరు, బడి దగ్గర ఒకరు గుసగుసలాడారు. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆ తల్లి అందరూ వెళ్లేదాకా ఆగి, "మీరు చాలంటిరి గదా అయ్యగారూ" అన్నది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే మాకు సులువుగా ఉండేది.

ఈసారి అమ్మాయి నాచారంలోనే ఒక టీచరు దగ్గర పద్ధతిగా నేర్చుకొంటున్నదని విన్నాము. వెళ్లి చూడాలనుకొన్నాము. ఆ తల్లి కూడా బయలుదేరినది.

ఉప్పల్ కూడలిలో 2023లో తెరచిన స్కైవాక్ మీదుగా నడిచి మెట్రో స్టేషను చేరాము. ఈ రైలు 2017 నవంబరులో మొదలైనది. కదిలే మెట్ల దగ్గర ఆ తల్లి ఆగిపోతే మా ఇంటివారు చేయి పట్టుకొని ఎక్కించారు. రైలులో వచ్చే స్టేషను పేరు తెలుగు, హిందీ, ఇంగ్లీషులలో చెప్పుతుంటే ఆమె తెలుగు వచ్చినప్పుడల్లా తల ఊపుతున్నది. క్రికెట్ స్టేడియము పేరుతో ఒక స్టేషను, భూమి పొరలను పరిశోధించే ఎన్.జి.ఆర్.ఐ. పేరుతో ఒక స్టేషను దాటి హబ్సిగూడలో దిగాము. ఇంకా ముందుకు పోతే తార్నాక. ఆ పక్కనే పరదేశపు భాషలు నేర్పే విశ్వవిద్యాలయము ఉన్నది. 1958లో ఇంగ్లీషు కొరకు మొదలైన ఆ సంస్థ 2007లో ఇంగ్లీషు మరియు విదేశీ భాషల విశ్వవిద్యాలయము అయినది. పల్లెల నుండి పట్నానికి వచ్చి మనము ఆసుపత్రులు, కోర్టులు, దుకాణాలు చూస్తాము గాని ఇటువంటివి ఉన్నాయని మన పిల్లలకు చెప్పము.

హబ్సిగూడ చౌరస్తాలో కుడివైపు తిరిగితే నాచారం దారి. షేరింగ్ ఆటో ఎక్కాము. మా పక్కన కూర్చొన్న యువకుడు బీహారువాడు. పారిశ్రామిక వాడలో పని. "అన్నా, ఈ.ఎస్.ఐ. కాడ ఆపు" అని తెలుగులోనే అన్నాడు. ఎన్నాళ్లయింది వచ్చి అని అడిగితే ఎనిమిది నెలలు అన్నాడు. ఎవరు నేర్పారు అంటే నవ్వి, "ఆకలి" అన్నాడు. ఆ మాట విని ఆ తల్లి మా ఇంటివారి వైపు చూచినది.

నాచారం ఒకప్పటి పల్లె. చెరువు, పొలాలు ఉండేవి. తరువాత కర్మాగారములు వచ్చాయి. ఎన్.టి. రామారావు గారు కట్టించిన రామకృష్ణ స్టూడియో ఇక్కడిదే. ఇప్పుడు రోడ్డుకు రెండు వైపులా మేడలు, మందుల దుకాణాలు, టిఫిను బండ్లు, ట్యూషన్ల బోర్డులు. హెచ్.ఎం.టి. నగర్‌లో ఒక మూడంతస్తుల ఇంటి పైకి అమ్మాయి మమ్మును తీసుకొని వెళ్లినది. డాబా మీద రేకుల గది, ఒక నల్లబల్ల, ఎనిమిది కుర్చీలు. టీచరమ్మకు అరవై దాటి ఉంటాయి. భర్త ఉద్యోగము వలన ఇరవై ఏండ్లు ఆ దేశంలో ఉండి తిరిగి వచ్చిన తెలుగు ఆమె. "అయ్యగారూ, అమ్మగారూ, కూర్చోండి. మీరూ నేర్చుకోండి, ఫీజు అడగను" అని నవ్వుతూ ఆహ్వానించారు.

విద్యార్థులు ఐదుగురు. మా అమ్మాయి గాక ఇద్దరు సాఫ్ట్‌వేర్ అబ్బాయిలు, ఒక నర్సు, వ్యవసాయ శాస్త్రము చదివి వాఖెనింగెన్ విశ్వవిద్యాలయానికి వెళ్లాలనుకొనే ఒక రైతు బిడ్డ. అక్కడ పై చదువులు ఇంగ్లీషులోనే ఉంటాయి గదా, నీకెందుకు బాబూ డచ్చి అని అడిగాము. ఆ పిల్లవాడు, "పాఠము ఇంగ్లీషులో చెప్తరు అయ్యగారూ. పక్కింటోళ్లు మాత్రం డచ్చిలోనే మాట్లాడుకుంటరు" అన్నాడు. ఒక్క వాక్యంతో మా పాత సలహాకు జవాబు దొరికినది.

ఆనాటి పాఠము విడిపోయే క్రియలను గూర్చి. మేము వేదాంత డిప్లొమా చదివినప్పుడు కొద్దిగా గ్రీకు నేర్చుకొన్నాము గనుక వ్యాకరణము అంటే భయపడలేదు. టీచరమ్మ బల్ల మీద ఒక రైలు బొమ్మ గీశారు. ముందు ఇంజను, చివర గార్డు డబ్బా, నడుమ పెట్టెలు.

"స్తాన్ అంటే నిలబడుట. ఒప్ అంటే పైకి. రెండూ కలిపి ఒప్‌స్తాన్ అంటే లేచుట. నిఘంటువులో ఇది ఒక్కటే మాట. కాని వాక్యంలో పెట్టగానే రెండు ముక్కలవుతుంది. ఇంజను ముందుకు పోతుంది, గార్డు డబ్బా చివరికి పోతుంది. ఇక్ స్తా ఒమ్ వెయ్ఫ్ యూర్ ఒప్. నేను ఐదు గంటలకు లేస్తాను. ఇప్పుడు ఆ చివరి ఒప్ మరచిపోతే ఏమవుతుంది?"

నర్సు అమ్మాయి చెప్పినది: "ఐదు గంటలకు నిలబడతాను అని అర్థం వస్తది మేడం."

"అంతే. వినేవాడు ఎక్కడ నిలబడతావు అని అడుగుతాడు."

తరువాత కోమెన్ అనే మాట తీసుకొన్నారు. కోమెన్ అంటే వచ్చుట. ఇక్ కొమ్ మొర్ఖెన్ అంటే నేను రేపు వస్తాను. చివర ఆన్ అని చేర్చితే, రేపు చేరుకొంటాను. మే అని చేర్చితే, రేపు మీ వెంట వస్తాను. తెరుఖ్ అని చేర్చితే, రేపు తిరిగి వస్తాను. మొదటి మూడు మాటలూ ఒకటే. చివరి చిన్న ముక్క వచ్చేదాకా చెప్పేవాని ఉద్దేశము తెలియదు. అందువలన డచ్చివారి మాట వినేటప్పుడు నడుమ అడ్డు తగలకూడదని, చివరి అక్షరము దాకా ఆగాలని టీచరమ్మ చెప్పారు. ఆ ఖ్ అనే ధ్వని గొంతు లోపలి నుండి గరగరమని రావాలి. మేము కూడా ప్రయత్నించాము. మా ఇంటివారికి దగ్గు వచ్చినది, అందరూ నవ్వారు.

ఈ ముక్కలు ఎల్లప్పుడూ విడిపోయే ఉండవు. జరిగిపోయిన పని చెప్పేటప్పుడు రెండూ కలుసుకొంటాయి, నడుమ ఖె అనే అక్షరము వచ్చి కూర్చుంటుంది. తెరుఖ్‌ఖెకోమెన్, అంటే తిరిగి వచ్చినది. అలాగే ఎందుకంటే అనే అర్థమిచ్చే ఒమ్‌దత్ అనే మాటతో మొదలైతే క్రియ మొత్తము చివరికి పోయి ఒక్కటవుతుంది. ఒమ్‌దత్ ఇక్ మొర్ఖెన్ తెరుఖ్‌కొమ్. మాట వెంబడి మాట చెప్పితే, ఎందుకంటే నేను రేపు తిరిగి వస్తాను. ఇక్కడ వరుస అచ్చముగా తెలుగు వరుసే! నేను, రేపు, తిరిగి వస్తాను. ఇంగ్లీషు దారిన పోయేవారికి ఇది కష్టము. ఇంగ్లీషులో క్రియ ముందే వచ్చేస్తుంది గదా. పుట్టినప్పటి నుండి క్రియ కొరకు వాక్యము చివరిదాకా ఆగే అలవాటున్న తెలుగువారికి ఇది పరాయి కాదు. "మీరు డచ్చిని ఇంగ్లీషులోనికి మార్చి, మళ్లీ తెలుగులోనికి మార్చుకొంటున్నారు. నడుమ ఆ మజిలీ ఎందుకు? తెలుగు నుండి నేరుగా పొండి" అన్నారు టీచరమ్మ. మా అమ్మాయి మొదటిసారి పరీక్ష తప్పుటకు కారణము అదేనట. ప్రశ్న విని, ఇంగ్లీషులో అనుకొని, డచ్చిలోనికి తెచ్చేసరికి సమయము అయిపోయినది.

అన్ని క్రియలూ విడిపోవు. బె, ఖె, వెర్, ఒంత్ వంటి అక్షరాలతో మొదలయ్యేవి ఎన్నడూ విడువవు. బెతాలెన్ అంటే డబ్బు చెల్లించుట, వెర్ఖేతెన్ అంటే మరచిపోవుట. మిగతావాటిలో ముందు ముక్కను నొక్కి పలికితే విడిపోయే క్రియ అని గుర్తు. వోర్‌కోమెన్ అనే మాట ఉన్నది. మొదటి భాగము నొక్కితే సంభవించుట, రెండవ భాగము నొక్కితే రాకుండా అడ్డుకొనుట. వ్రాత ఒకటే, నొక్కుడు వలన అర్థము ఎంత దూరము పోయినదో చూడండి.

టీ తాగిన తరువాత విశేషణముల పాఠము. డచ్చిలో ప్రతి నామవాచకానికి ముందు దె గాని హెత్ గాని ఉంటుంది. మనిషి దె మన్, ఇల్లు హెత్ హౌయ్స్. పెద్ద అనే మాట ఖ్రోత్. నామవాచకానికి ముందు వస్తే సాధారణముగా దానికి చివర ఎ చేరి ఖ్రోతె అవుతుంది. ఒక పెద్ద మనిషి ఎన్ ఖ్రోతె మన్. ఆ పెద్ద ఇల్లు హెత్ ఖ్రోతె హౌయ్స్. కాని హెత్ మాట ఏకవచనంలో ఉండి, ఏదో ఒకటి అనే అర్థములో వస్తే మాత్రము తోక ఉండదు. ఒక పెద్ద ఇల్లు ఎన్ ఖ్రోత్ హౌయ్స్. ఈ ఒక్క చోటు గుర్తుంచుకొంటే మిగిలిన చోట్ల ఎ పెట్టవచ్చును. బంగారు వంటి మాటలు మాత్రము మారవు. బంగారు ఉంగరము ఎన్నడైనా ఖౌదెన్ రింగే. ఇది విని అమ్మాయి తన వేలి ఉంగరము వైపు చూచుకొన్నది.

ఇల్లు పెద్దది అనేటప్పుడు మాత్రము, దె అయినా హెత్ అయినా, తోక లేదు. హెత్ హౌయ్స్ ఇస్ ఖ్రోత్. అప్పుడు ఆ రైతు బిడ్డ లేచి ఒక మాట అన్నాడు. "మేడం, ఇది మన తెలుగుకు తిరగేసినట్టున్నది. మనం పెద్ద ఇల్లు, పెద్ద మనిషి, పెద్ద ఇండ్లు అంటాం. ముందుంటే పెద్ద మారదు. వెనుకకు పోతేనే ఇల్లు పెద్దది, ఆయన పెద్దవాడు, ఇండ్లు పెద్దవి అని మారుతది." టీచరమ్మ సుద్దముక్క బల్ల మీద పెట్టి, "ఇన్నేండ్లు నేర్పుతున్నా, ఈ మాట నాకు తట్టలేదు నాన్నా" అన్నారు. గురువు అలా ఒప్పుకొనుట చూచి మాకు సంతోషము కలిగినది.

ఇంకొక వింత. అమ్మాయి అనే మాట మెయ్‌శె. అది దె మాట కాదు, హెత్ మాట. చిన్న, చిట్టి అనే భావంతో శె, యె వంటి తోక తగిలించిన మాటలన్నీ హెత్ మాటలేనట. మనిషిని వస్తువులతో కలుపుట ఏమిటని సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఒకడు అడిగాడు. టీచరమ్మ, "మనము చేస్తున్నది ఏమిటి? వాడు వచ్చాడు అంటాము. బస్సు వచ్చింది, ఆమె వచ్చింది అంటాము. బస్సుకూ అమ్మకూ ఒకటే క్రియ. పరాయి భాషను నవ్వే ముందు మన భాషను ఒకసారి చూచుకోవాలి" అన్నారు.

దె, హెత్ తప్పినా అర్థము చెడదు, ఎదుటివారు మెల్లగా సవరిస్తారు అని కూడా చెప్పారు. క్రియ చివరి ముక్క మరచిపోతే మాత్రము మాటే మారిపోతుంది. పరీక్షకు ముందు దేనిమీద ఎక్కువ శ్రమ పడాలో ఆ అమ్మాయికి అలా తెలిసినది.

ఆ డాబా మీద కూర్చొని ఉండగా మాకు బందరు జ్ఞాపకము వచ్చినది. ఒకసారి సువార్త సభల నిమిత్తము మచిలీపట్నము వెళ్లినప్పుడు వలందపాలెం అనే పేట చూచాము. అదేమి పేరని అడిగితే, హాలెండువారు ఉన్న పాలెము గనుక వలందపాలెం అన్నారు. నరసాపురంలో గోదావరి ఒడ్డున వలంధర రేవు కూడా ఆ పేరు నుండి వచ్చినదే. డచ్చి తూర్పు ఇండియా కంపెనీ 1602లో ఏర్పడినది. కొద్ది ఏండ్లలోనే వారు గోల్కొండ రాజ్యపు రేవైన బందరులో వర్తకశాల పెట్టారు. పాలకొల్లు, నరసాపురం, భీమునిపట్నం, కాకినాడ పక్క జగన్నాథపురం, ఇన్ని చోట్ల నుండి మన నేతగాండ్ల బట్ట వారి ఓడలలో వెళ్లినది. ఖమ్మం వైపు నాగులవంచలో కూడా వారి వర్తకశాల ఉండేది. భీమునిపట్నంలో వారి సమాధులు ఈనాటికీ ఉన్నాయి. డానియెల్ హవార్త్ అనే డచ్చి ఉద్యోగి మన తీరములో, గోల్కొండలో పని చేసి, 1693లో ఈ ప్రాంతమును గూర్చి పెద్ద గ్రంథమే ప్రచురించాడు. 1824 నాటి ఒడంబడిక తరువాత వారి స్థావరములు ఇంగ్లీషువారి వశమైనాయి.

వారిలో ఒక పాదిరి సంగతి మాకు మరింత దగ్గరగా తోచినది. అబ్రహాం రోజర్ అనే ఆయన 1630లలో పులికాట్‌లో డచ్చివారి సంఘానికి పాదిరిగా ఉన్నాడు. పద్మనాభుడు అనే బ్రాహ్మణుని దగ్గర కూర్చొని ఈ దేశపు ఆచారములను, భర్తృహరి సుభాషితముల అర్థమును ఓపికగా అడిగి తెలుసుకొన్నాడు. ఆయన చనిపోయిన తరువాత 1651లో ఆ పుస్తకము డచ్చిలో అచ్చయినది. అలాగే తెలుగు నేర్చుకొనుటకు ఇంగ్లీషువాడైన క్యాంబెల్ 1816లో, బ్రౌను దొర 1840లో వ్యాకరణములు ప్రచురించారు. మన క్రియలు, మన విభక్తులు వారికి ఎంత కష్టముగా ఉండెనో! నాడు వారు మన అరుగుల మీద విద్యార్థులై కూర్చొన్నారు. నేడు మన పిల్లలు నాచారం డాబా మీద వారి భాషకు విద్యార్థులై కూర్చొన్నారు. ఇందులో చిన్నతనము ఏమున్నది?

ఆ భాషలో బైబిలు ఎప్పుడు వచ్చినదని టీచరమ్మను అడిగాము. 1618లో డోర్ట్ పట్టణంలో కూడిన సంఘ మహాసభ మూల భాషల నుండి అనువదించుటకు నిర్ణయించినదని, అది 1637లో అచ్చయినదని, ఒక్కొక్క జిల్లాలో ఒక్కొక్క యాసగా ఉన్న డచ్చి ఒక వ్రాత భాషగా కుదురుకొనుటకు ఆ బైబిలు ఎంతో తోడ్పడినదని చెప్పారు.

పాఠము చివర ప్రతివారూ ఎవరో ఒకరి వైపు తిరిగి సొంత వాక్యము ఒకటి చెప్పాలి. మా అమ్మాయి గది మూలన కూర్చొన్న తల్లి వైపు తిరిగినది. కొంచెము ఆగి, ఇంగ్లీషు తలచుకోకుండా, మెల్లగా అన్నది:

"ఇక్ కొమ్ వొల్ఖెంత్ యార్ తెరుఖ్."

టీచరమ్మ తల ఊపి, "యార్ అంటే సంవత్సరము, హెత్ మాట. అందుకే వొల్ఖెంత్‌కు తోక లేదు. వారము అయితే దె మాట గనుక వొల్ఖెన్దె వేక్ అవుతుంది. తెరుఖ్ చివర పెట్టింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి" అన్నారు.

తల్లికి వ్యాకరణము అక్కరలేదు. "ఏమన్నవ్ బిడ్డా?" అని అడిగినది.

"వచ్చే ఏడు తిరిగొస్తా అన్న అమ్మా."

"అండ్ల తిరిగి అన్నది ఏది?"

"తెరుఖ్. ఆఖరి మాట."

ఆ తల్లి కొంగుతో కండ్లు తుడుచుకొని, "ఆ ఆఖరి మాట మరువకు బిడ్డా" అన్నది. మేమెవ్వరమూ మాట్లాడలేదు. మన ఇండ్లలో గడప దాటే బిడ్డ పోతున్నా అనదు, పోయొస్తా అంటుంది. రావడము అనే మాట చివర ఉంటేనే తల్లి మనసు నిలుస్తుంది.

ఆ సాయంకాలము ఉప్పల్‌లో బస్సు ఎక్కాము. కిటికీ పక్కన కూర్చొన్న ఆ తల్లితో, "అమ్మా, ఆనాడు మేము తెలియక చెప్పాము. మమ్మును క్షమించు" అన్నాము. చాలా దినములుగా చెప్పవలెననుకొని చెప్పలేకపోయిన మాట అది. ఆమె, "మీరు వచ్చి కూసున్నరు గదా అయ్యగారూ, అది చాలు" అన్నది. ఈసారి చాలు అన్నది ఆమె.

నాలుగు నెలల తరువాత ఆ అమ్మాయి రెండవసారి పరీక్ష ఇచ్చినది. మూడు భాగములూ ఉత్తీర్ణురాలైనది. అనుమతి వచ్చి, భర్త వద్దకు వెళ్లి ఇప్పటికి ఐదు నెలలు. చదువు అంతటితో అయిపోలేదు. 2022 జనవరి నుండి అమలులో ఉన్న అక్కడి చట్టము ప్రకారము ఇటువంటివారు సుమారు మూడేండ్లలో బి-1 అనే మెట్టు దాకా నేర్చుకోవాలని లక్ష్యము పెట్టారు. వారానికి మూడు రోజులు బడికి పోతున్నదట. దె, హెత్ ఇంకా తప్పుతున్నదట. ఫోను చేసినప్పుడు తల్లి మొదట అన్నము తిన్నవా అని అడుగుతుంది. తరువాత, ఆఖరి మాట యాదున్నదా అని అడుగుతుంది.

ప్రియ తలిదండ్రులారా, సంఘ పెద్దలారా, మా పొరపాటు మీకు ఉపయోగపడాలని ఇది వ్రాశాము. విదేశపు సంబంధము వచ్చినప్పుడు జీతము, ఇల్లు, కారు అడుగుతాము. అబ్బాయి ఏ అనుమతి మీద ఉన్నాడు, అమ్మాయి వెళ్లుటకు ముందు ఏ పరీక్షలు ఉన్నాయి అని కూడా అడగండి. నిశ్చితార్థము నాడే భాష మొదలుపెట్టించండి. ఒక ఇంటి కోడలు సంగతి చూచి ఇంకొక ఇంటికి సలహా చెప్పవద్దు, అందరి కాగితాలూ ఒకటి కావు. మావంటి కాపరులు తెలియని సంగతికి తెలియదు అని చెప్పుట నేర్చుకోవాలి. ఇంగ్లీషు మంచిదే. దానితో దుకాణంలో బియ్యము కొనవచ్చును, ఆఫీసులో పని చేయవచ్చును. కాని పక్కింటి ముసలమ్మతో కష్టసుఖాలు చెప్పుకొనుటకు ఆమె భాషే కావాలి.

పిల్లలారా, మీరు ఏ భాష నేర్చుకొన్నా మీ తెలుగును వెంట పెట్టుకొని పోండి. అది మీకు అడ్డము కాదు, చేతికర్ర. వాక్యము చివరిదాకా ఆగి వినుట మీకు అమ్మ ఒడిలోనే వచ్చిన విద్య. ఎదుటివారు ఏ భాషలో మాట్లాడినా, ఆఖరి మాట వచ్చేదాకా ఆగి వినండి.